రెండో డంబెల్

"అది నాకు కావాలె పెద్దాయనా. ఇడువు," అన్నాడు హరీష్.

సూర్యాపేటలో బద్రీనాథ్ ఆటసామాన్ల దుకాణం అది. బరువు బిళ్లలు మార్చుకునే డంబెళ్లు కౌంటరు మీద ఒక్క జతే మిగిలాయి. ఒకదాని మీద అప్పటికే ఒక ముసలాయన చెయ్యి ఉంది.

"నేను ముందుగాల వచ్చిన బిడ్డా," అన్నాడాయన.

"గీ వయసుల కండలెందుకు? కుస్తీకి పోతవా?"

ముసలాయన నవ్వాడు.

"కుస్తీ కాదు. కుడి భుజం లేస్తలేదు. బరువు కొద్దికొద్దిగ పెంచుకుంట లేపుమన్నడు డాక్టర్."

బద్రీనాథ్ మధ్యలోకి వచ్చాడు.

"హరీష్, గా మెషీన్ సూడు. అన్ని కసరత్తులు దాంట్లనే."

"అది పెడితే నేనూ నా పెండ్లామూ వాకిట్ల పండుకోవాలె. కిరాయి ఇల్లు, ఒక్కటే అర్ర."

"పోనీ, రబ్బరు బ్యాండ్లు? అగ్గువ. మేకుకు తగిలిస్తే అయిపాయె."

"నాకు బరువే కావాలె సేటూ. బిళ్ల మీద బిళ్ల వేసుకుంట పోవాలె. అయినంక మంచం కిందికి నూకితే పడుంటది."

హరీష్ ఎడమ చెయ్యి చాచాడు. మోచేతి పైన పొడుగ్గా కుట్ల గీత.

"లారీల గేరు గుంజేది గీ చెయ్యే. మేళ్లచెరువు సిమెంటు లోడు. వచ్చే నెల నడిపి సూపియ్యాలె. చేతగాకుంటే ఓనర్ ఇంకొకన్ని పెట్టుకుంటడు."

ముసలాయన రెండో డంబెల్‌ను అతని వైపు జరిపాడు.

"నీదీ ఒక్క చెయ్యే, నాదీ ఒక్క చెయ్యే. చెరొకటి తీస్కుందామా?"

"నాకేం అభ్యంతరం లేదు," అన్నాడు బద్రీనాథ్.

"జత ఇడగొడితే రేపు నేను మల్ల అమ్మబోతే ఎవడు కొంటడు? ఇస్తే రెండూ ఇయ్యి," అన్నాడు హరీష్.

ముసలాయన ఆ కుట్ల గీత వైపే చూస్తున్నాడు.

"ఎట్లయింది బిడ్డా?"

"నిరుడు. మునగాల దాటినంక గడ్డి ట్రాలీ నా మోటరు సైకిలు మీద బోర్లాపడ్డది. ఎవరో ట్రాలీ లేపి నన్ను బయటికి గుంజిండ్రట. నాకు సోయి లేదు."

ముసలాయన చూపు అతని కాళ్ల మీదికి దిగింది.

"కాలు మంచిగ నడుస్తున్నదా?"

"కాలా? అది ఎప్పుడో అతుక్కున్నది."

ఆయన డంబెల్ మీది నుంచి చెయ్యి తీశాడు.

"అయితే తీస్కపో. సేటూ, నాకు గా రబ్బరువి ఇయ్యి."

తువ్వాల మడిచి అలవాటుగా కుడి భుజం మీద వేసుకోబోయాడు. ఆగి, ఎడమ భుజానికి మార్చుకున్నాడు.

హరీష్ అది చూడలేదు. జతను బండికి కట్టుకోవడంలో ఉన్నాడు.

వారం గడిచింది. హరీష్ ఎడమ చేత్తో ఒక డంబెల్ రోజూ లేపుతున్నాడు. రెండోది మంచం కింద అట్టపెట్టెలోనే ఉంది. ఊడ్చేటప్పుడు చీపురు తగిలినప్పుడల్లా భార్య శ్రీజ అడిగేది.

"గిది ఎవరి కోసం తెచ్చినవ్?"

ఒక పొద్దున ఆ మాట అతనికి గుచ్చుకుంది. ఇంకో సంగతి కూడా. దుకాణంలో చెయ్యి చూపించాడు గాని, కాలు సంగతి తాను చెప్పలేదు.

రెండోదాన్ని సంచిలో వేసుకుని బద్రీనాథ్ దగ్గరికి వెళ్లాడు.

"గిది గా పెద్దాయనకు ఇయ్యాలె. ఏ ఊరు?"

"మిర్యాలగూడ. రైస్ మిల్లుల హమాలి. కానీ గాడ లేడు ఇగ. మూటలు లేపుతలేడని మిల్లోళ్లు రావద్దన్నరట. మొన్ననే బొంబాయి దిక్కు భీమండి పోయిండు, బిడ్డ కాడికి."

"ఫోన్ నంబర్?"

"ఇయ్యలె."

"భుజానికి ఏమైందట?"

బద్రీనాథ్ కౌంటరు తుడవడం మొదలుపెట్టాడు.

"నువ్వు పోయినంక అడిగిన. నీకు చెప్పొద్దన్నడు."

"ఏం చెప్పొద్దన్నడు సేటూ?"

బద్రీనాథ్ చేతిలో గుడ్డ ఆగింది.

"'నేను ట్రాలీకి భుజం పెట్టి బయటికి తీసిన పిలగాడు గితనే, లేచి తిరుగుతుండు, నాకు గది చాలు' అన్నడు."