తూగుడు తాతగారి ప్రశ్న

"మళ్ళీ వచ్చారా?" అంది పరిశోధకురాలు, మైక్రోస్కోపు మీంచి తలెత్తకుండానే.

చూడక్కర్లేదు. గోడను రాసుకుంటూ వచ్చే ఆ అడుగుల చప్పుడు ఆసుపత్రిలో అందరికీ తెలుసు. చాటున ఆయన్ని తూగుడు తాతగారు అంటారు. ఎప్పుడో జ్వరమొచ్చి చెవి లోపలి భాగం పాడైంది. అప్పట్నుంచీ పడవలో నిలబడ్డట్టే నడక.

వైద్యం ముగిసి చాలాకాలమైంది. ఈ ల్యాబుకి రావడం మాత్రం మానలేదు.

"అమ్మాయ్, నీ ఎలుకలెలా ఉన్నాయి?"

"నిక్షేపంగా ఉన్నాయి."

"మరి ఆ ప్రోటీను?"

ఆమె నిట్టూర్చింది. ఒకసారి నోరు జారి చెప్పిన పాపానికి పట్టుకుని వదలడం లేదు. చెవి లోపల దెబ్బ తగిలితే, మెదడులో ఒళ్ళు తూలకుండా చూసుకునే చోట ఒక ప్రోటీను తగ్గిపోతుంది. ఎలుకల్లో కొన్నాళ్ళకు అదే మళ్ళీ పుంజుకుంటుంది.

"నాలోనూ పుంజుకుందంటావా?"

"బతికున్న మనిషిలో చూడలేం తాతగారూ."

"నడక బాగుపడదని తెలుసులే. ఇన్నేళ్ళూ మా ఆవిడ భుజం పట్టుకునే తిరిగాను. ఒక్కసారి వదిలేసి పక్కపక్కన నడవాలని ఎంత ఆశో! లోపల ప్రయత్నమైనా జరిగిందని తెలిస్తే ఆవిడకి చెప్పుకుంటాను."

ఆరోజు ఆమె అసలే చిరాకులో ఉంది. మనిషి మెదడు దొరక్క పరిశోధన ఆగిపోయేట్టుంది.

"ఎక్కణ్ణుంచైనా ఓ మెదడు తెచ్చివ్వండి, చూసి చెప్తాను."

"అంతేనా?" అని నవ్వి వెళ్ళిపోయారు.

మళ్ళీ రాలేదు. అలిగారనుకుంది. మొదట హాయిగానే ఉంది, తర్వాత వెలితిగా అనిపించింది. తలుపు చప్పుడైతే చాలు, చూపు అటే పోయేది.

కొన్ని నెలలకు, ఎవరో దానం చేసిన మెదడు ల్యాబుకు చేరింది. చెవి దెబ్బతిన్నవారిదే. పేరు మాత్రం చెప్పరు, అక్కడి పద్ధతి అది.

పల్చగా కోసి, రంగు పట్టించి చూసింది. ప్రోటీను తగ్గిపోవాల్సిన చోట, అది ఉందని చెప్పే రంగు పచ్చగా మెరుస్తోంది.

పుంజుకుంది! ముందుగా తాతగారికే చెప్పాలనిపించింది. ఎక్కడుంటారో కూడా ఎప్పుడూ అడగలేదు.

మర్నాడు గుమ్మంలో ఒక పెద్దావిడ నిలబడింది. ఒక భుజం కాస్త కిందికి వంగి ఉంది.

ఆ భుజం చూడగానే పరిశోధకురాలు లేచి నిలబడింది. "తాతగారి..."

"భార్యనమ్మా. ఆ ప్రోటీను సంగతి నిన్నే అడిగి తెలుసుకోమన్నారు."

"పుంజుకుంది మామ్మగారూ! ఆయన్నే రమ్మనండి, కళ్ళారా చూపిస్తాను. చూసి ఎన్నాళ్ళైందో!"

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. మెల్లగా మైక్రోస్కోపు దగ్గరికి వచ్చి, దాని పక్కనే నిలబడింది.

"ఇంకెక్కణ్ణుంచి రమ్మంటానమ్మా? నువ్వు తెమ్మన్నది ఇవ్వడానికే వచ్చి, ఈ అద్దం కింద ఉన్నారుగా."