మనిషి అడగాల్సిన ప్రశ్న

వైవాలో మూడు యంత్రాలు అడిగిన ప్రశ్నలన్నింటికీ హైమవతి తడబడకుండా జవాబులు చెప్పింది. ఇక ఒక్క నిబంధనే మిగిలింది. హాల్లో ఉన్న మనుషుల్లో ఒకరైనా ఏదో ఒక ప్రశ్న అడగాలి. లేకపోతే పీహెచ్‌డీ రాదు.

అడగకముందే యంత్రాలు అన్నీ చెప్పేస్తుంటే, ప్రశ్న అడగడం జనం ఎప్పుడో మరిచిపోయారు. అందరూ తలలు దించుకున్నారు. గైడ్ గారు వాళ్లకేసి బతిమాలుతున్నట్టు చూశారు.

వచ్చినవాళ్లకి బజ్జీలు పంచుతున్న రత్తమ్మ పిన్ని ఇక ఉండబట్టలేకపోయింది.

"ఏమే హైమా, వీటిలోకి ఉల్లిపాయలేవే?"

"మానవ ప్రశ్న నమోదైంది. అభ్యర్థి జవాబు చెప్పాలి," అంది పెద్ద యంత్రం.

"అయ్యో, మర్చిపోయా పిన్నీ!"

"నిజాయితీగల జవాబు. అభినందనలు, డాక్టర్ హైమవతీ."

హాలంతా చప్పట్లు. వాటి మధ్య పిన్ని గొంతు ఖంగుమంది.

"అది సరేగానీ, ఉల్లిపాయలేవీ?"