చివర్న అతికించే కాగితం

"నానమ్మ ఒప్పుకుంటే వెళ్ళు. నేను అడ్డు చెప్పను," అన్నాడు పుస్తకాల బైండరు, సూదిలో దారం ఎక్కిస్తూ.

అతని ధీమా అతనిది. తన అమ్మ సంగతి తనకు తెలియదా? షాపు, ఇల్లు, దేవుడు. నలభై ఏళ్ళుగా ఆవిడ లోకం అంతే. ఇప్పుడు కూడా మూలన స్టూలు మీద కూర్చుని కుట్టుదారానికి మైనం పట్టిస్తోంది.

కూతురికి రేవు పట్నంలో ఓడలు బాగుచేసే చోట ఉద్యోగం వచ్చింది. చేరుతుందో లేదో సాయంత్రం అయిదింటిలోగా చెప్పాలి.

"నేను మగపిల్లాణ్ణయితే ఈపాటికి నువ్వే పెట్టె సర్దేవాడివి నాన్నా," అంది కూతురు. "నానమ్మా, నువ్వేమంటావు?"

"ముందు మీ నాన్నని పని కానివ్వవే," అంది నానమ్మ.

బైండరు చేతిలో ఉన్నది కాలేజీ వాళ్ళ పని. కుర్రకారు మనసులో మాట అడిగి రాయించిన ఫారాలట. పేర్లు లేవు. కొండవైపా, రేవువైపా, ఆడా, మగా, వయసెంత, అంతే. శుభ్రంగా టైపు చేయించి, తెల్లటి కాగితాల మీద దించి పంపారు. బైండరు ఎప్పుడూ చదవడు, పేజీ నంబర్లే చూస్తాడు. ఇవాళెందుకో కళ్ళు ఆగలేదు.

"విన్నావా అమ్మా! ఎనభై ఏడో నంబరు. కొండవైపు, ఆడపిల్ల, పందొమ్మిదేళ్ళు. అచ్చంగా మన వైపు పిల్ల! 'ఇంట్లో వంట ఎవరు చేయాలి?' అంటే, 'ఎవరికి ఆకలేస్తే వాళ్ళు' అట!"

కూతురు కిసుక్కున నవ్వింది. నానమ్మ చేతిలో మైనం ముద్ద ఆగింది.

"'పెళ్ళెప్పుడు?' 'సముద్రం చూశాక.' చోద్యం కాకపోతే, సముద్రానికీ పెళ్ళికీ ఏమిటి సంబంధం? రేవువైపు పిల్లంటే పోనీ, అక్కడి గాలి అలాంటిదనుకుందాం. కొండవైపు పుట్టి ఇదేం పోయేకాలం?"

"అబ్బాయిలేం రాశారు నాన్నా?"

"రేవువైపు కుర్రాడొకడు వంట నేర్చుకుంటాడట. ఖర్మ!"

"ఆ పిల్ల ఇంకా ఏం రాసిందిరా?" అంది అమ్మ, తలెత్తకుండానే.

"'నేను చూసినా చూడకపోయినా, నాకు ఆడపిల్ల పుడితే దానికి సముద్రం చూపిస్తాను' అట. పెళ్ళే కాలేదు, పుట్టని పిల్లకి అప్పుడే ప్రయాణం కట్టేసింది! ఈ కాలం పిల్లలకి సిగ్గూ ఎగ్గూ లేవమ్మా. నీ కాలంలో ఒక్కరైనా ఇలా నోరెత్తారా?"

అమ్మ దారం పుటుక్కున తెంపింది.

కుట్టు అయింది. జిగురు అయింది. అట్ట అయింది. గడియారం నాలుగున్నర కొట్టింది. ఇక మిగిలింది ముఖపత్రం. జిగురు చేతులు తగిలి మాసిపోతుందని దాన్ని అతను ఎప్పుడూ విడిగా కవర్లోనే ఉంచుతాడు, అన్నిటికంటే చివర్న అతికిస్తాడు. తీశాడు, అంచుకి జిగురు రాశాడు, సరిచేస్తూ దాని మీద ఫారాలు రాయించిన సంవత్సరం చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

సరిగ్గా యాభై రెండేళ్ళ కిందటిది.

"ఆ ఎనభై ఏడో కాగితం నాదేరా," అంది మూలనుంచి అమ్మ, "నాకు ఆడపిల్ల పుట్టలేదు గానీ నీకు పుట్టింది కదా, వెళ్ళి దాని పెట్టె సర్దు."