భుజం మీద చెయ్యి

"పిన్ని" అన్న మాట వినగానే కుట్టుమిషను మీద టైలరమ్మ కాలు ఆగిపోయింది.

"ఏమన్నావ్?"

"నా జ్ఞానతల్లిగా పిన్ని ఉంటుందన్నాను. ఫాదర్‌గారికి చెప్పేశాను కూడా," అంది కూతురు, అద్దంలో జడ చూసుకుంటూ.

మిషను మీద సగం కుట్టిన తెల్లగౌను ఉంది. వచ్చే ఆదివారం చర్చిలో ఆ పిల్లకి భద్రమైన అభ్యంగనం. బిషప్‌గారు వచ్చి నుదుటి మీద పరిమళ తైలంతో సిలువ గుర్తు వేస్తారు. ఆ సమయంలో పిల్ల వెనక నిలబడి, కుడి భుజం మీద చెయ్యి వేసి, విశ్వాసంలో దానికి తోడుంటానని నలుగురి ముందూ ఒప్పుకునే మనిషే జ్ఞానతల్లి. జ్ఞానస్నానం నాడు ఆ స్థానంలో నిలబడిన ముసలావిడ కిందటేడు పోయింది.

"మేడమీద ఆంటీని అనుకున్నాం కదే!"

"నువ్వనుకున్నావు. ఆవిడకి నా పేరే గుర్తుండదు. పిన్నికైతే నా చెప్పుల సైజు కూడా తెలుసు."

నిజమే. ఆ నిజమే టైలరమ్మని కాల్చేది.

పిన్ని అంటే టైలరమ్మ చెల్లెలు. సిటీ బస్సు నడుపుతుంది. పెళ్లి చేసుకోలేదు. స్కూలు వదలగానే పిల్ల ఏరికోరి ఆ బస్సే ఎక్కుతుంది. డ్రైవరు వెనక సీట్లో కూర్చుని ఆఖరి స్టాపుదాకా ఒకటే కబుర్లు. ఇంటికొచ్చేసరికి మూటలో ఒక్క మాట మిగలదు. "స్కూల్లో ఏం జరిగిందే?" అని అడిగితే "ఏముంది, మామూలే" అంటుంది. అన్నం పెట్టేది ఒకరు, ఆకలి చెప్పుకునేది ఇంకొకరికి!

ఈ మంట ఇవాళ్టిది కాదు. జ్ఞానస్నానం నాడు నెత్తిన నీళ్లు పడగానే పిల్ల గుక్కపట్టింది. ఎంత ఊపినా ఊరుకోలేదు. వెనక బెంచీలోంచి చెల్లెలు వచ్చి ఎత్తుకుంది. పిల్ల టక్కున ఏడుపు ఆపేసింది. చుట్టాలందరూ నవ్వారు. టైలరమ్మ నవ్వలేదు. "ఇటివ్వు. నీ బస్సు టైమవుతోంది," అని బిడ్డని లాక్కుంది.

మొదటి సత్ప్రసాదం నాడు మరీ ఘోరం. ఫాదర్‌గారు నాలుక మీద అప్పం పెట్టారు. పిల్ల కళ్లు మూసుకుంది, తెరిచింది, మురిసిపోతూ వెనక్కి తిరిగింది. ఆ చూపు ముందు బెంచీలో కూర్చున్న అమ్మని దాటుకుని పోయి, ఎక్కడో చివర నిలబడ్డ పిన్ని మీద వాలింది. కళ్లు పోయేలా ఆ గౌనుకి లేసు కుట్టిందెవరు? ఆ చూపు దక్కించుకున్నదెవరు?

మర్నాడు టైలరమ్మ డిపోకి వెళ్లింది. చెల్లెలు బస్సు అద్దం తుడుస్తోంది.

"నువ్వే కాదనెయ్యి."

"నోరు తెరిచి అడిగిందక్కా. ఎలా కాదనను?"

"నాకు ఇష్టం లేదు."

"ఇన్నేళ్లలో నిన్నేమైనా అడిగానా?" చెల్లెలు గుడ్డ పిండింది. "ఒక్క పూట భుజం మీద చెయ్యి వేస్తాను. తర్వాత నా బస్సు నాది, నీ ఇల్లు నీది."

"అంత ముచ్చటగా ఉంటే పెళ్లి చేసుకో. నీ పిల్లల భుజాల మీద వేసుకుందువుగాని."

చెల్లెలు తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడవసాగింది.

శనివారం సాయంత్రం చర్చి పక్క గదిలో ఫాదర్‌గారి ముందు ముగ్గురూ కూర్చున్నారు. చెల్లెలు యూనిఫాంలోనే వచ్చింది.

"ఈవిడ పనికిరాదు ఫాదర్. ఆదివారం పూజకే రాదు."

"ఆదివారాలు డ్యూటీ కదమ్మా. శనివారం పూజకి వస్తుంది. పీఠం దగ్గర్నుంచి నాకు అందరూ కనిపిస్తారు."

"పెళ్లి కూడా కాలేదు!"

"నాకూ కాలేదు," అన్నారు ఫాదర్‌గారు.

పిల్ల కిసుక్కున నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ పిన్ని మీద వాలిపోయింది.

"చూడమ్మా," అన్నారు ఫాదర్‌గారు, "జ్ఞానస్నానం నాడు ఇది పసిగుడ్డు. 'నమ్ముతున్నాం' అని దీని బదులు మీరన్నారు. ఆ నీళ్లతో పుట్టింది. సత్ప్రసాదంతో పెరిగింది. రేపు అభ్యంగనంతో తన కాళ్ల మీద తను నిలబడుతుంది. రేపు పలికేది దాని నోరే. వెనక ఎవరుండాలో చెప్పాల్సిందీ ఆ నోరే."

చెల్లెలు లేచింది. "వదిలెయ్యండి ఫాదర్. నేనుండను. మేడమీద ఆవిడనే పెట్టుకోండి."

పిల్ల చటుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది. "నువ్వు లేకపోతే నాకీ అభ్యంగనమే వద్దు. అమ్మ ఊరికే కుళ్లుకుంటోంది ఫాదర్!"

ఊరికే! టైలరమ్మ చెవుల్లో ఆ మాట గింగురుమంది.

"కుళ్లుకి నేనేం చెయ్యలేను," ఫాదర్‌గారు మెత్తగానే అన్నారు. "చర్చి నియమాల్లో అడ్డేదైనా ఉంటే చెప్పండి. లేదంటే రేపు ఈవిడే."

టైలరమ్మ తలెత్తింది. "ఉంది."

"అక్కా, వద్దు!" చెల్లెలి మొహం పాలిపోయింది. "నేను వెళ్లిపోతున్నానుగా... వద్దక్కా!"

ఆమె వెళ్లేదే. కానీ పిల్ల చెయ్యి వదల్లేదు.

"కన్నతల్లి జ్ఞానతల్లిగా నిలబడకూడదని మీ నియమమే కదా ఫాదర్!" అంది టైలరమ్మ, చెల్లెలి వైపు వేలు చూపిస్తూ.