మొదట్నుంచీ చెప్పు

“ఆ గోల ఆపు ముందు!” అంటూ జయకృష్ణ స్టీరింగ్ మీంచి ఒక చెయ్యి తీశాడు.

“గోల కాదు డాడ్, మ్యూజిక్. నేను చదవబోయేది ఇదే,” అన్నాడు పక్క సీట్లో ఉన్న రిషి, ఇంగ్లీషులో. వాల్యూమ్ ఇంకాస్త పెంచాడు.

లీడ్స్‌లో రిషిని చేర్పించాలనుకున్న కంప్యూటర్ కోర్సు చూడ్డానికి పొద్దున్నే బ్రాక్‌నెల్ నుంచి బయల్దేరారు తండ్రీకొడుకులు. జయకృష్ణ వేలు బటన్‌కి తగిలేలోగా, మంచు గడ్డకట్టిన మలుపులో కారు జారింది. కంచె పొదల్ని చీల్చుకుంటూ గుంటలోకి దిగి చెట్టుకి గుద్దుకుంది.

అతను కళ్లు తెరిచేసరికి పాట ఆగిపోయి ఉంది. రిషి చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని ఎవరితోనో మాట్లాడుతున్నాడు. వాడి హూడీ నిండా రక్తం. రెండు చేతులతో తండ్రి తొడని గట్టిగా పట్టుకుని ఉన్నాడు. చిన్నప్పుడు ఉరుము వినిపిస్తే ఇలాగే పట్టుకునేవాడు.

“రిషీ! ఎక్కడ తగిలిందిరా?”

“చిన్న దెబ్బే డాడ్. అంబులెన్స్ వస్తోంది. రోడ్లన్నీ ఐస్, కొంచెం లేట్ అవుతుందంట.”

తెలుగులో చెప్పాడు. ఎప్పుడు ఏమడిగినా ఇంగ్లీషులోనే జవాబిచ్చే పిల్లాడు! తలకేమైనా తగిలిందేమోనని జయకృష్ణ వాడి నుదుటికేసి చూశాడు. తనకి మాత్రం నొప్పన్నదే లేదు. కాళ్లు డాష్‌బోర్డు కింద ఇరుక్కున్నాయి. ఒళ్లంతా చలి, అంతే.

“నిద్రపోకు రిషీ. దెబ్బ తగిలినవాళ్లు నిద్రపోకూడదు. ఏదో ఒకటి మాట్లాడు.”

“నువ్వు అడుగు. నేను చెప్తా.”

“ఇందాకటి పాట... ఏంటది?”

“ఆర్ అండ్ బీ. రిథమ్ అండ్ బ్లూస్.”

“మొదట్నుంచీ చెప్పు. వాళ్లొచ్చేదాకా ఆపావంటే ఊరుకోను.”

రిషి మాటలు వెతుక్కుంటూ మొదలుపెట్టాడు. “ఫార్టీస్. అమెరికాలో బ్లాక్ పీపుల్ పొలాలు వదిలి సిటీకి వచ్చారు, ఫ్యాక్టరీ పనికి. బ్లూస్ అంటే స్లో, శాడ్. కానీ సిటీ బార్లో అంతా నాయిస్ కదా, ఎవరికీ వినపడదు. అందుకని డ్రమ్స్ పెంచారు, శాక్సోఫోన్ పెట్టారు. అందరూ డాన్స్.”

“ఏడుపుకి కాళ్లొచ్చాయన్నమాట.”

“అవును డాడ్, అదే! తర్వాత? అడుగు.”

“తర్వాత?”

“సిక్స్టీస్. చర్చిలో దేవుడికి పాడినట్టు అమ్మాయికి పాడారు. దాన్ని సోల్ అన్నారు. ఇక్కడి ఇంగ్లీషు అబ్బాయిలు ఆ రికార్డులు విని కాపీ కొట్టారు, బ్యాండ్లు పెట్టుకున్నారు. సెవెంటీస్‌లో బేస్ గిటార్ ముందుకొచ్చింది...”

వాడి గొంతు తగ్గిపోతోంది. మొహం కూడా మసకబారుతోంది.

“గట్టిగా చెప్పరా! వినపడట్లేదు. కళ్లు మూస్తున్నావా?”

“లేదు డాడ్! నన్నే చూడు. ఎయిటీస్. మనుషులు పోయి మెషీన్లు వచ్చాయి. డ్రమ్స్ వాయించేవాడు అక్కర్లేదు, బటన్ నొక్కితే చాలు.”

“అది... మా సాఫ్ట్‌వేర్ వాళ్ల పనేగా.”

“యెస్, మీ పనే! నైన్టీస్‌లో దానికి ర్యాప్ కలిసింది...”

వాడు ఏడుస్తున్నాడు. నొప్పి ఎక్కువైందనుకున్నాడు జయకృష్ణ. బుగ్గ నిమురుదామంటే చెయ్యి లేవలేదు. ఒక పాట ఆపాలన్న తన పంతానికి పిల్లాడు కళ్లముందే జారిపోతున్నాడనిపించింది.

“కంప్యూటర్స్ వద్దులే. నీ మ్యూజిక్కే చదువుకో. ఒట్టు. కళ్లు మాత్రం మూయకు. ఇప్పుడు... ఇప్పుడెలా ఉంది అది?”

“ఇప్పుడా?” రిషి ముక్కు భుజానికి తుడుచుకున్నాడు. “క్రోయిడన్‌లో ఒకమ్మాయి బెడ్‌రూమ్‌లో లాప్‌టాప్ ముందు కూర్చుని పాడుతుంది. పక్క రూమ్‌లో వాళ్ల మమ్ లేవకుండా మెల్లగా. చెవిలో చెప్పినట్టు. కానీ బాధ అదే డాడ్, ఫార్టీస్‌లోదే. విన్నావా? డాడ్? డాడ్!”

“విన్నా. పాడు... ఇందాకటిది.”

రిషి పాడాడు. శ్రుతి లేదు, పదాలు సగం మింగేస్తున్నాడు. ఒక్క ముక్కైనా వదలకుండా వినాలని జయకృష్ణ తాపత్రయపడ్డాడు. వాడి గొంతు వినిపిస్తున్నంతసేపూ వాడు ఉన్నట్టే.

పొదల అవతల నీలం లైట్లు తిరిగాయి. కిటికీ అద్దం పగిలింది. ఆకుపచ్చ యూనిఫాంలో ఉన్న ఒకామె లోపలికి వంగింది.

“ముందు మా అబ్బాయిని చూడండి,” అన్నాడు జయకృష్ణ, ఉన్న ఊపిరంతా కూడదీసుకుని.

ఆమె జయకృష్ణ మెడ మీద వేళ్లు పెట్టి నాడి చూస్తూ, రిషి వైపు తిరిగింది.

“ఫోన్‌లో మావాళ్లు చెప్పినట్టే చేశావు, మీ నాన్నని నిద్రపోనివ్వలేదు. ఇక ఆయన తొడ మీంచి చేతులు తియ్యి బాబూ, ఆ రక్తం నేను ఆపుతాను.”