మధ్యన కుట్టు లేని లాగు

ఇనాయతుల్లా మాస్టరు తన కింద పనిచేసే ఖాజా కుట్టుమిషను సొరుగు లాగాడు. లోపల కాగితంలో చుట్టిన పొట్లం ఉంది. విప్పితే నాలుగు బుల్లి లాగులు బయటపడ్డాయి. ఒకదాన్ని ఎత్తి వెలుతురుకు పెట్టి చూశాడు. కాళ్లు రెండూ శుభ్రంగా కుట్టి, నడుముకు ఎలాస్టిక్ వేసి, మధ్యన మాత్రం ముందు నుంచి వెనక దాకా కుట్టకుండా వదిలేసి ఉంది. ఆ సందులోంచి ఎదుటి గోడ మీద 1984 క్యాలెండరు కనబడింది.

“ఇదేంది రా?”

“పసిబిడ్డల లాగు, మాస్టర్.”

“కుట్టు మర్చిపోయినావా?”

“లేదు. అట్లే కుట్టమన్నారు. బిడ్డను కూచోబెడితే దానంతటదే విచ్చుకుంటాది. ఇప్పే పని లేదు.”

“ఎవరు కుట్టమన్నది?”

ఖాజా సూదిలోకి దారం ఎక్కించడం మొదలుపెట్టాడు.

కొందరికి కోపం ముక్కు మీద ఉంటుంది. ఇనాయతుల్లాకు అనుమానం. సత్వా పేటలో ఆ టైలరు షాపు వీసాలిచ్చిన అరబ్బు యజమానిది, అంటే కఫీల్‌ది, పెత్తనం ఈయనది. పైగా ఇంట్లో కొత్త దిండు వచ్చిన దగ్గర్నుంచి ఆయనకు హాయిగా నిద్రపడుతోంది. పగలు అనుమానించడానికి కావలసినంత ఓపిక ఉంటోంది.

“గుడ్డ యాడిది? ఈ నీలం గళ్లు మన షాపులో లేవే. యాడనో చూసినట్టుంది.”

“కుట్టమన్నోళ్లే ఇచ్చినారు.”

“నువ్వుండేది ఎనిమిది మంది మొగోళ్ల గదిలో. నీకు పెండ్లే కాలేదు. మధ్యలో ఈ పసిబిడ్డ యాడనుంచి వచ్చింది?”

“మాటిచ్చినా, మాస్టర్. పేరు చెప్పను.”

“ముడ్డి కనపడే లాగులు తొడిగే మొరటోళ్లు ఈ దేశంలో ఎవరుండారు రా? మా పాపను చూడు, ఆరు నెలలది. ఫారిన్ డైపరు. పొద్దున కట్టింది, సాయంత్రం నేను పోయి చూసినా ఎండలో ఆరేసినట్టు ఉంటాది. కంపెనీ అంటే అదీ.”

ఖాజాకు దగ్గు వచ్చింది.

“నవ్వుతాండావా? నాలుగింటికి షాపు తెరిచేలోపల పేరు చెప్పాల. లేకుంటే కఫీల్‌తో చెప్పి వీసా క్యాన్సిల్ చేయిస్తా. ఖలాస్. విమానమే.”

ఖాజా వచ్చి ఏడాదన్నా కాలేదు. అయినా లాగులు మళ్లీ పొట్లం కట్టాడు.

ఒంటిగంటకు షాపు మూశారు. ఖాజా పొట్లం చంకలో పెట్టుకుని, అటూ ఇటూ చూసి బయల్దేరాడు. ఇరవై అడుగుల వెనక ఇనాయతుల్లా. ఎండకు వీధిలో పిల్లి కూడా లేదు. ఖాజా తన గది వైపు పోలేదు. బేకరీ పక్క సందులోకి తిరిగాడు. ఇనాయతుల్లా ఇల్లు ఆ సందులోనే ఉంది.

ఖాజా సరిగ్గా ఆ ఇంటి ముందే ఆగి తలుపు రెండుసార్లు తట్టాడు. తలుపు ఓరగా తెరుచుకుంది. ఆకుపచ్చ గాజుల చెయ్యి ఒకటి బయటికొచ్చింది. ఆ గాజులు నైఫ్ రోడ్డులో ఇనాయతుల్లా కొన్నవే.

మాటిచ్చినా అన్నాడే వీడు. ఎవరికి? ఏం మాట? ఒక్క ఉరుకున పోయి ఖాజా కాలరు పట్టుకుని, వాడితో సహా లోపల పడ్డాడు.

“ఎన్నాళ్లనుంచి సాగుతాంది ఇది?”

అక్తర్ బీ మొగుణ్ణి చూసింది. “చెప్పేసినావా ఖాజా?”

“లేదు, ఆపా. ఆయనే వెంటబడి వచ్చినాడు. నా వీసా పోతాంది.”

“ఉండండి. పాపకు టైమైంది.”

ఆమె బాత్రూములో పీట మీద కూచుని, కాళ్లు చాపి, పాపను పాదాల మీద కూచోబెట్టుకుంది. “ఉస్స్... ఉస్స్...” అంది. పాప కాళ్లకున్న నీలం గళ్ల లాగు మధ్యన విచ్చుకుంది. పాప పని కానిచ్చింది.

ఇనాయతుల్లా ఆ గళ్లను అప్పుడు గుర్తుపట్టాడు. మిద్దె మీద తాడు నుంచి మాయమైన తన లుంగీ. పై వాటా వాళ్లే ఎత్తుకుపోయారని మూడు రోజులు పోట్లాడిన లుంగీ.

“మాయమ్మ ఏడుగుర్నీ ఇట్లే పెంచింది,” అంది అక్తర్ బీ. “ఆ ప్లాస్టిక్కు కడితే పాపకు పొక్కులు. ఉత్తగా వదిలితే మీ ఏసీకి చలి. మీకు చెప్తే మొరటుదానా అంటారు. అందుకే ఖాజాతో మాట తీసుకున్నా. వాడు విమానమెక్కితే, పాపనెత్తుకోని నేనూ ఎక్కుతా.”

ఇనాయతుల్లా కాలరు వదిలేశాడు. “నాలుగింటికి మిషను దగ్గరుండు, పో,” అన్నాడు. ఖాజా బతుకుజీవుడా అని బయటపడ్డాడు.

అయినా ఒక అనుమానం మిగిలింది. “మరి రోజూ సాయంత్రం పాపకుండే డైపరు?”

“మీ చెప్పుల చప్పుడు వినపడంగానే కడతా. బక్రీదు నుంచీ అదొక్కటే.”

“నేను తెచ్చిపోసిన మిగతావన్నీ?”

“మెత్తగా ఉండాదని రోజూ మెచ్చుకుంటాండారే, ఆ దిండులో ఉండాయి.”