కొండ మలుపు దగ్గర

బాక్సైట్ కొండల్లో పోరు ఆగాలని, తుపాకీ దించినవాళ్లందరికీ ప్రభుత్వం క్షమాభిక్ష పెట్టింది. ఒకటే షరతు. అడవిలో గడిపిన ఏళ్ల జ్ఞాపకాలను ఆసుపత్రిలో వాళ్ల తలలోంచి తీసేస్తారు. అలా తీయించుకుని ఇల్లు చేరినవాళ్లు ఇప్పుడు ఊరూరా ఉన్నారు. సొమిలి భర్త పండన్న కూడా అలాగే వచ్చాడు. తనకొక కూతురుందన్న సంగతి కూడా అతనికి కొత్తగా చెప్పాల్సివచ్చింది.

ఆ ఉదయం ముగ్గురూ కాఫీ తోటకు బయల్దేరారు. కూతురు మంగ ముందు పరిగెత్తింది. కొండ మలుపు దగ్గర పండన్న ఒక్క ఉరుకున వెళ్లి, పిల్ల రెక్క పట్టుకుని ముళ్లపొదల్లోకి లాగేశాడు. పిల్ల గట్టిగా ఏడ్చింది.

"నీకేం పట్టింది మావా? దారి బాగానే ఉందిగా!" అని అరిచింది సొమిలి.

"ఏమో సొమిలీ. పిల్ల అటు అడుగేస్తుంటే గుండె ఆగినంత పనయింది. ఎందుకో నాకే తెలీట్లేదు."

తల మరిచిపోయింది అతని ఒంటికి ఇంకా గుర్తుందని సొమిలికి మెల్లగా అర్థమైంది. పోలీసులకు ఫోన్ చేసింది. వాళ్లొచ్చి తవ్వితే మందుపాతర బయటపడింది.

పండన్న మంగను గుండెకు హత్తుకున్నాడు.

"పిల్లలు నడిచే దారిలో దీన్ని పెట్టినవాడు మనిషేనా? ఎవడు వాడు?"

సొమిలి అతని ముఖంలోకి చూసింది.

"ఎవడైతేనేం మావా. వాణ్ని సర్కారు క్షమించేసింది."

"మరి నువ్వు?" అన్నాడు పండన్న. "నువ్వు క్షమిస్తావా వాణ్ని?"